ప్రజాభిప్రాయ సేకరణకు పోయే ముందు: ఏటి నీళ్లు, ఫ్యాక్టరీ లెక్కలు

తమ్ముడూ, నువ్వు అడిగింది ముందు రెండు మాటల్లో మళ్లీ చెప్తా, తర్వాత చదివేవాళ్లకు కూడా విషయం తెలుస్తుంది. కర్నూలుకు ఎగువన తుంగభద్ర ఒడ్డున ఉక్కు ఫ్యాక్టరీ పెడతామంటున్నారు. రోజుకు కోటి లీటర్లు ఏట్లోంచి తోడుకుంటారంట. వచ్చే నెల ప్రజాభిప్రాయ సేకరణ. కేసీ (కర్నూలు–కడప) కాలువ కింద మీ మాగాణికి నీళ్లు తగ్గుతాయా? "చుక్క కూడా బయటికి వదలం" అని కంపెనీవాళ్లు చెప్పేది నమ్మొచ్చా? ఆ రోజు లేచి నిలబడి ఏం అడగాలి?

నేను ఎర్రగుంట్ల వైపు ప్లాంట్లలో చాన్నాళ్లు నీళ్ల విభాగంలో పనిచేసినోణ్ని. ఇప్పుడు ఫ్యాక్టరీలకు వాటర్ ఆడిట్లు చేస్తుంటా. కాబట్టి కంపెనీవాళ్ల బాధా తెలుసు, వాళ్లు ఎక్కడ దాటేస్తారో అదీ తెలుసు.

సూటిగా చెప్పాలంటే, ఏడాది మొత్తం మీద చూస్తే మీకు తగ్గేది కంటికి కనపడదు. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం కనపడుతుంది. రెండోది, చుక్క కూడా వదలం అన్న మాట నిజమే కావచ్చు. కానీ ఆ మాటకు అర్థం ఏటి నుంచి తీసుకున్నదాంట్లో చుక్క కూడా తిరిగి ఏటికి రాదని. సభలో అందరూ చప్పట్లు కొట్టే మాట అదే, నువ్వు గట్టిగా పట్టుకోవాల్సిన మాటా అదే.

ముందు కొలతలు తేల్చుకుందాం. రోజుకు కోటి లీటర్లంటే సుమారు 4 క్యూసెక్కులు, అంటే సెకనుకు 4 ఘనపుటడుగులు. ఏడాదికి 0.13 టీఎంసీ (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). టీఎంసీకి 6 వేల ఎకరాల మాగాణి అని ఆయకట్టు లెక్కల్లో మోటుగా వేస్తుంటారు కదా, ఆ లెక్కన ఇది 800 ఎకరాల వరి నీళ్లు. కృష్ణా నీళ్లను రాష్ట్రాల మధ్య పంచిన బచావత్ ట్రిబ్యునల్ కేసీ కాలువకు ఇచ్చింది 39.9 టీఎంసీలు. దాని పక్కన 0.13 పెట్టి చూపించి "రూపాయిలో అర పైసా వంతు కూడా లేదు, దీనికే గొడవా" అంటారు. లెక్క తప్పేం కాదు.

కానీ ఏరు ఏడాది సగటున పారదు. 2009 అక్టోబరు 2న కర్నూలును ముంచిన ఏరే ఇది. మే నెలలో అదే ఏట్లో ఇసుక తేలి, అక్కడక్కడ మడుగులు మిగులుతాయి. కేసీ కాలువకు నీళ్లు మళ్లించే సుంకేసుల బ్యారేజీ నిండితేనే 1.2 టీఎంసీలు. వేసవిలో కర్నూలు తాగునీటికి కటకటలాడి, గాజులదిన్నె నుంచి హంద్రీలోకి నీళ్లు వదిలించుకున్న సందర్భాలున్నాయి. ఫ్యాక్టరీకి మాత్రం ఆగస్టైనా మే అయినా అదే కోటి లీటర్లు కావాలి. నిజానికి ఎండాకాలం ఇంకాస్త ఎక్కువే కావాలి, ఎందుకో కింద చెప్తా. పారకం లేని ఏట్లోంచి 4 క్యూసెక్కులు తోడితే అది వరి రైతుతో పోటీ కాదు, అప్పటికి వరి కోసేసి ఉంటారు. అది ఊళ్ల తాగునీటితో, పశువులతో, ఏటి ఊటతో బతికే బోర్లతో పోటీ. అందుకే ఏడాదికి ఎన్ని టీఎంసీలు అన్న ప్రశ్న వేస్తే వాళ్లకు సుఖం. ఏ నెలలో ఎంత అని అడుగు.

దీనికి విరుగుడు కొత్తదేం కాదు. ఏట్లో నీళ్లు పొంగి పోయే రోజుల్లో తోడుకుని సొంత చెరువులో నిల్వ పెట్టుకోవాలి. రోజుకు కోటి లీటర్ల చొప్పున 90 రోజులకు 90 కోట్ల లీటర్లు. 10 మీటర్ల లోతు చెరువైతే 22 ఎకరాలు చాలు. మన ఎండలకు రోజుకు 8 మిల్లీమీటర్లు ఆవిరైనా ఆ మూడు నెలల్లో పోయేది 7 శాతం. వందల ఎకరాలు తీసుకునే ఫ్యాక్టరీకి 22 ఎకరాల చెరువు భారం కాదు. అయినా చాలా ప్రాజెక్టు రిపోర్టుల్లో ముడినీటి చెరువు వారానికో పదిరోజులకో సరిపడా ఉంటుంది, ఎందుకంటే ఏరు ఎప్పుడూ ఉంటుందన్న ధీమా. మంత్రాలయం దగ్గర, బావాపురం దగ్గర కేంద్ర జల సంఘం గేజీలు ఉన్నాయి. పారకం ఫలానా మట్టానికి పడిపోతే పంపులు ఆపాలి అని అనుమతి పత్రంలోనే రాయిస్తే, చెరువు దానంతటదే పెద్దదవుతుంది.

ఇంకో షరతు కూడా ఉంది, దీని గురించి ఎవరూ మాట్లాడరు. తుంగభద్ర డ్యాం కట్టినప్పుడు 133 టీఎంసీలు పట్టేది. పూడిక చేరి ఇప్పుడు 105 దగ్గరికి వచ్చింది. అందుకని ఏటా వచ్చే నీళ్లను బట్టి తుంగభద్ర బోర్డు దామాషా వేసి ఎవరి వాటా ఎంతో తేలుస్తుంది. అనంతపురం ఎగువ కాలువకు కాగితం మీద 32.5 టీఎంసీలున్నా చేతికొచ్చేది అంతకన్నా తక్కువ. కాలువల రైతులందరూ ఈ కోతకు అలవాటుపడ్డారు. ఫ్యాక్టరీకి ఇచ్చే కేటాయింపు మాత్రం ఇన్ని లీటర్లు అని ఖాయంగా రాస్తారు, అందులో కోత ఉండదు. రైతుకు 20 శాతం కోత పడ్డ ఏడాది ఫ్యాక్టరీకీ 20 శాతం కోత పడాలి. నన్నడిగితే ఇదొక్కటి సాధించినా మీ సభ దండగ కాదు.

ఇప్పుడు నీ రెండో ప్రశ్న. కాస్త ఓపిగ్గా చదువు, అసలు మెలిక ఇక్కడుంది.

కృష్ణా నీళ్ల పంపకం మీద 1976 నాటి బచావత్ అవార్డులో ఏ రాష్ట్రం ఎన్ని నీళ్లు వాడినట్టో లెక్కగట్టే పద్ధతి రాసి ఉంది. తుంగభద్ర కృష్ణకు ఉపనదే కాబట్టి మనకూ వర్తిస్తుంది. సాగుకు మళ్లించిన నీళ్లు నూటికి నూరూ వాడినట్టే. ఊళ్ల తాగునీటికి తీసుకున్నదాంట్లో 20 శాతం వాడినట్టు. పరిశ్రమలకు తీసుకున్నదాంట్లో 2.5 శాతం మాత్రమే వాడినట్టు. అంటే ఫ్యాక్టరీ నూరు చెంబులు తోడితే తొంభై ఏడున్నర చెంబులు మళ్లీ ఏట్లోకే వచ్చేస్తాయని లెక్క. ఏటి నీళ్లను ఒక్కసారి యంత్రాల చుట్టూ తిప్పి, వెచ్చబెట్టి, మళ్లీ ఏట్లోకి వదిలేసే ప్లాంట్ల కాలానికి ఆ అంచనా సరిపోయి ఉంటుంది.

ఇప్పుడు ప్లాంట్లు అట్లా లేవు. కూలింగ్ టవర్లో నీళ్లు ఆవిరి చేస్తారు, మిగిలిన మురికి నీళ్లను శుద్ధి చేసి లోపలే తిప్పుకుంటారు, చివరికి మిగిలినదాన్ని ఎండబెట్టేస్తారు. అదే జీరో డిశ్చార్జ్. కాలుష్యం కోణంలో మంచి పనే, దాన్ని వద్దనమని నేను చెప్పడం లేదు. కానీ కోటి లీటర్లలో ఏటికి తిరిగొచ్చేది సున్నా. ట్రిబ్యునల్ లెక్కలో ఆ ఫ్యాక్టరీ రోజుకు వాడింది రెండున్నర లక్షల లీటర్లు, ఏటికి నిజంగా పడ్డ బొక్క కోటి లీటర్లు. తేడా తొంభై ఏడున్నర లక్షల లీటర్లు ఏ పుస్తకంలోనూ ఉండదు. ఒక్క ఫ్యాక్టరీ అయితే పోనీలే అనుకోవచ్చు. ఓర్వకల్లు లాంటి పారిశ్రామికవాడ మొత్తానికి ఇదే తీరైతే కిందున్న ఆయకట్టులో నీళ్లు ఎక్కడికి పోయాయో ఎవరికీ అంతుబట్టదు.

అందుకని మంచి ఫ్యాక్టరీని పట్టుకోవాలంటే ఎంత వదులుతుందో చూస్తే సరిపోదు, తోడేది ఎంతకు తగ్గించిందో చూడాలి. ఎంతవరకు తగ్గించొచ్చు అంటే కూలింగ్ టవర్ దగ్గరికి రావాలి, ఎందుకంటే ఉక్కైనా కరెంటైనా నీళ్లలో పెద్ద వాటా తాగేది అదే.

టవర్లో నీళ్లు చల్లబడేది కొంత నీరు ఆవిరై పోవడం వల్లే. తిరిగే నీళ్లు ఆరు డిగ్రీలు చల్లబడాలంటే అందులో సుమారు 1 శాతం ఆవిరవ్వాలి. ఆవిరిలో ఉప్పులు పోవు. పులుసు మరిగేకొద్దీ ఉప్పెక్కినట్టు తొట్టిలో నీళ్లు చిక్కనవుతాయి. మరీ చిక్కనైతే గొట్టాల్లో గార కడుతుంది. అందుకని కొంత నీళ్లు పారబోసి కొత్త నీళ్లు కలుపుతారు. పారబోసేదాన్ని బ్లోడౌన్ అంటారు, కలిపేదాన్ని మేకప్ అంటారు. ఏటి నీళ్లకన్నా తొట్టి నీళ్లు ఎన్ని రెట్లు చిక్కనయ్యేదాకా ఆగుతారో దాన్ని సైకిల్స్ అంటారు.

మీ ఫ్యాక్టరీలో రోజుకు 60 లక్షల లీటర్లు ఆవిరవుతుందనుకుందాం. రెండున్నర సైకిల్స్ దగ్గర నడిపితే 40 లక్షలు పారబోయాలి, మొత్తం మేకప్ కోటి లీటర్లు. అదే 5 సైకిల్స్ దగ్గర నడిపితే పారబోసేది 15 లక్షలు, మేకప్ 75 లక్షలు. యంత్రం అదే, ఉత్పత్తి అదే, రోజుకు 25 లక్షల లీటర్లు మిగిలింది. 8 సైకిల్స్‌కు పోతే మేకప్ 68 లక్షల 60 వేల దగ్గర ఆగుతుంది. చూశావా, రెండున్నర నుంచి ఐదుకు పోతే పెద్ద లాభం, అక్కణ్నుంచి పైకి పోయేకొద్దీ రసాయనాల ఖర్చు పెరుగుతుంది గానీ నీళ్లు పెద్దగా మిగలవు. కాబట్టి 10 సైకిల్స్ నడుపుతాం అని ఎవరైనా గొప్పలు చెబితే పెద్దగా పట్టించుకోకు. రెండు, మూడు దగ్గర నడుపుతాం అంటే మాత్రం ఎందుకని నిలదీయి. బోరు నీళ్లయితే సున్నం, సిలికా ఎక్కువని ఒక కారణం చెప్పుకోవచ్చు. తుంగభద్ర నీళ్లకు ఆ సాకు సగం కూడా నిలవదు, నీళ్లలో సున్నం తీసి మెత్తబరిచే ప్లాంటు ఒకటి పెట్టుకుంటే 5 దాకా హాయిగా పోవచ్చు.

ఇందాక ఎండాకాలం నీళ్లు ఎక్కువ కావాలన్నాను కదా. గాలి వేడెక్కేకొద్దీ టవర్లో చల్లబడే పని ఇంకా ఎక్కువగా ఆవిరి మీదే పడుతుంది. అదీ సంగతి.

ఆ 60 లక్షల ఆవిరిని తగ్గించాలంటే సైకిల్స్‌తో పని కాదు. సొంత పవర్ ప్లాంటుకు కూలింగ్ టవర్ బదులు పెద్ద పెద్ద ఫ్యాన్లతో గాలికే ఆవిరిని చల్లార్చే కండెన్సర్లు పెట్టాలి. దాంతో పవర్ ప్లాంటు వరకు నీళ్లు ఐదో వంతుకు పడిపోతాయి. నష్టం ఏమిటంటే కట్టే ఖర్చు ఎక్కువ, 43 డిగ్రీల ఎండలో కరెంటు ఉత్పత్తి కొన్ని శాతం తగ్గుతుంది. ఉక్కు విషయంలో ఇంకో రెండు ఉన్నాయి. కాలిన కోక్ (ఉక్కు తయారీకి వాడే, కాల్చిన బొగ్గు) మీద నీళ్లు కుమ్మరించి చల్లార్చకుండా నత్రజనితో చల్లార్చే పద్ధతి ఒకటి, దాంతో టన్ను కోక్‌కు అర కిలోలీటరు దాకా నీళ్లూ మిగులుతాయి, ఆ వేడితో కరెంటూ వస్తుంది. బ్లాస్ట్ ఫర్నేసు గ్యాసును నీళ్లతో కడగకుండా పొడిగా వడకట్టడం రెండోది. ఇవి కొత్త ప్లాంటులో పెట్టడం తేలిక. ఒకసారి కట్టేశాక మార్చాలంటే ఎవరూ మార్చరు. కాబట్టి అడగాల్సింది ఇప్పుడే.

పోలికకు కరెంటు ప్లాంట్ల రూలు చెప్తా. 2015 డిసెంబరులో కేంద్రం బొగ్గు ప్లాంట్లకు మెగావాట్-అవర్‌కు, అంటే వెయ్యి యూనిట్ల కరెంటుకు, 3.5 ఘనపు మీటర్ల నీళ్ల పరిమితి పెట్టింది. 2017 తర్వాత వచ్చిన ప్లాంట్లకు మొదట 2.5 అన్నారు, 2018లో దాన్ని 3కు సడలించారు. మా దగ్గర ముద్దనూరు పక్కనున్న ఆర్టీపీపీ థర్మల్ ప్లాంటు 1,650 మెగావాట్లు. మైలవరం నీళ్లు దానికి ఆధారం. 70 శాతం నడిచిందనుకుని ఆ 3.5 పరిమితి వేస్తే ఏడాదికి ఒకటింపావు టీఎంసీ. ఉక్కుకు ఈ తరహా పరిమితి అనుమతి పత్రంలో టన్నుకు ఇన్ని కిలోలీటర్లు అని రాస్తారు. బాగా నడిపే ఉక్కు ప్లాంట్లు టన్నుకు 3, 4 కిలోలీటర్లలో సరిపెట్టుకుంటున్నాయి. మీ దగ్గర రాబోయేది టన్నుకు ఎంతని రాసిందో చూసి దీనితో పోల్చుకో.

జీరో డిశ్చార్జ్‌లో ఇంకో సంగతి, ఉప్పు. తుంగభద్ర నీళ్లలో లీటరుకు 400 మిల్లీగ్రాముల లవణాలు ఉన్నాయనుకో. రోజుకు కోటి లీటర్లంటే నీళ్లతో పాటు 4 టన్నుల ఉప్పు ఫ్యాక్టరీ లోపలికి వస్తుంది. నీళ్లు ఆవిరై పోతాయి, ఉప్పు ఎక్కడికి పోవాలి? ఆర్‌ఓ ప్లాంటు దాన్ని మాయం చేయదు, మంచి నీళ్లు ఒక పక్కకు, చిక్కటి ఉప్పునీళ్లు ఇంకో పక్కకు తీస్తుందంతే. ఆ ఉప్పునీళ్లను మరిగించి గట్టి ఉప్పు చేయడానికి బోలెడు ఆవిరి, కరెంటు ఖర్చు. ఒక కిలోలీటరు నీళ్లు ఆవిరి చేయడానికి 600 యూనిట్లకు పైగా వేడి కావాలి. ఒక దశ ఆవిరితో ఇంకో దశను మరిగించే పద్ధతుల్లో అది బాగా తగ్గుతుంది గానీ బిల్లు మాత్రం బిల్లే. అందుకని రాత్రిపూట ఆ ప్లాంటు నడవదు. నేను ఆడిట్‌కు పోయినచోట ముందు చూసేది ఎవాపొరేటర్ (ఆ ఉప్పునీళ్లు మరిగించే యంత్రం) దగ్గర ఉప్పు బస్తాలు. రిజిస్టర్లో ఏడాదంతా నడిచినట్టు ఉంటుంది, షెడ్డులో ఉప్పు పది బస్తాలు కూడా ఉండదు. మరి ఆ ఉప్పంతా ఏమైనట్టు? ఎక్కువసార్లు జవాబు ఒకటే: గ్రీన్‌బెల్టు, అంటే ఫ్యాక్టరీ చుట్టూ పెంచే చెట్లు.

శుద్ధి చేసిన నీళ్లు గ్రీన్‌బెల్టుకు, దుమ్ము మీద చల్లడానికి వాడతాం. ఈ వాక్యం లేని రిపోర్టు నేను చూడలేదు. పద్ధతిగా వాడితే తప్పు లేదు. కానీ చిక్కటి ఉప్పునీళ్లు ఏళ్ల తరబడి ఒకే నేలకు పెడితే మన నల్లరేగడిలో నేల బిగుసుకుపోతుంది, ఉప్పు చుట్టుపక్కల బోర్లలోకి దిగుతుంది. పైగా వానాకాలం చెట్లకు నీళ్లెందుకు? ఆ రోజుల్లో నీళ్లు ఎక్కడ పెడతారు? ఎండబెట్టే కుంటల్లో అయితే అవి కూడా వానకు నిండుతాయి, నిండితే వంకలోకి పోతాయి. జవాబు చెప్పేవాళ్లు తడబడేది ఇక్కడే. రోజుకు ఎన్ని టన్నుల ఉప్పు, ఎక్కడ నిల్వ, ఎవరికి అప్పగిస్తారు అని అడుగు. కేజీల్లో చెప్పమను.

ఇదంతా కంపెనీవాళ్ల దుర్మార్గం అనుకోవద్దు, ధర అట్లా ఉంది. 1977 నాటి నీటి సెస్సు చట్టం కింద చల్లార్చే నీళ్లకు వెయ్యి లీటర్లకు 5 పైసలు కట్టేవాళ్లు, షరతులు పాటించకపోతే 10 పైసలు. విషపు నీళ్లు వదిలే వాడకానికి కూడా 15, 30 పైసలే. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు ఆ సెస్సునే ఎత్తేశారు. పైసలు పోతే పోయాయి, మీటరు బిగించాలన్న నిబంధన కూడా ఆ చట్టంలోనే ఉండేది. ఏటి నీళ్లకు నీటిపారుదల శాఖ రుసుము వేరే ఉంటుంది, కానీ ఏ ఫ్యాక్టరీ ఖర్చుల పట్టికలోనైనా నీళ్ల వరుస అట్టడుగునే ఉంటుంది.

ధర ఏం చేస్తుందో చూడాలంటే బేతంచెర్లకో తాడిపత్రికో పో. బండల పాలిష్ యూనిట్లలో మిషన్ కింద తెల్లటి నీళ్లు కాలువలో పారి మొదటి తొట్టిలో పడతాయి. పిండి అక్కడ దిగుతుంది, పైన తేరిన నీళ్లు రెండో తొట్టికి, మూడో తొట్టికి పోతాయి. మూడో తొట్టిలోంచి మోటారు మళ్లీ మిషన్‌కు ఎక్కిస్తుంది. ఏ ఇంజనీరూ గీసివ్వలేదు, ఏ బోర్డూ చెప్పలేదు. బోరు ఎండిపోతే ట్యాంకరు కొనాలి, కాబట్టి వాళ్లే తిప్పుకుంటారు. తొట్టిలోంచి తీసిన పిండిని ఎక్కడపడితే అక్కడ పోసేది వాళ్ల తప్పు, అది వేరే గొడవ. నీళ్ల వరకు మాత్రం వాళ్లను చూసి పెద్ద ప్లాంట్లు నేర్చుకోవాలి.

మరి ఏరు కాకుండా నీళ్లు ఎక్కడివి అంటావేమో. కర్నూలు మురుగు ఉంది. 2011 జనాభా లెక్కల్లోనే శివార్లతో కలిపి 4.8 లక్షల మంది. తలకు 135 లీటర్ల సరఫరా, అందులో 80 శాతం మురుగు అన్న మామూలు ప్రమాణం వేస్తే రోజుకు 5 కోట్ల లీటర్లు. మీ ఫ్యాక్టరీకి కావాల్సినదానికి ఐదింతలు. 2018లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో 351 నదీభాగాలు పాడయ్యాయని జాబితా వేసింది. అందులో మంత్రాలయం నుంచి బావాపురం దాకా తుంగభద్ర ఉంది, నంద్యాల నుంచి మద్దూరు దాకా కుందూ ఉంది. అక్కడ ముఖ్యమైన తంటా ఫ్యాక్టరీలకన్నా ఊళ్ల మురుగుదే. ఆ మురుగును శుద్ధి చేసి ఫ్యాక్టరీ కొనుక్కుంటే రెండు పనులూ అవుతాయి. థర్మల్ ప్లాంటుకు 50 కిలోమీటర్ల లోపు మురుగు శుద్ధి కేంద్రం ఉంటే ఆ నీళ్లే వాడాలని 2016 టారిఫ్ పాలసీలో ఉంది. ఉక్కుకు ఆ రూలు లేదు. కానీ అనుమతిలో షరతుగా పెట్టమని అడగడానికి అడ్డమేం లేదు.

జరగని పనా అంటే, మద్రాసు చూడు. మన శ్రీశైలం నీళ్లే వెలుగోడు, బ్రహ్మంసాగర్, సోమశిల మీదుగా తెలుగుగంగ కాలువలో మద్రాసుకు పోతాయి. ఆ నీళ్లు తాగిన ఊరి మురుగును కొడుంగయ్యూరులో, కోయంబేడులో ఒక్కో చోట రోజుకు నాలుగున్నర కోట్ల లీటర్ల చొప్పున ఆర్‌ఓ దాకా శుద్ధి చేసి ఫ్యాక్టరీలకు అమ్ముతున్నారు, 2019 నుంచి. నాగపూరు మురుగుతో కొరాడి థర్మల్ ప్లాంటు నడుస్తోంది. మన నీళ్లతో వాళ్లు రెండు పనులు చేసుకుంటుంటే మనం ఒక పనికే కొట్టుకుంటున్నాం.

ఒక జాగ్రత్త. మురుగు నీళ్లు ఎవరివీ కావు అనుకోవద్దు. వేసవిలో ఊరి దిగువన మోటార్లేసుకుని ఆ నీళ్లే పారించుకునే రైతులు ఉంటే, ఫ్యాక్టరీ పైపు వేయగానే వాళ్ల మడి ఎండుతుంది. ముందు వాళ్లెవరో, ఎన్ని ఎకరాలో సర్వే చేయించి, వాళ్ల నీళ్లు వాళ్లకు వదిలాకే మిగతాది అమ్మాలి.

ఇక మీటర్లు. ఉక్కు, సిమెంటు, థర్మల్ లాంటి 17 రకాల పరిశ్రమలు ఆన్‌లైన్ మీటర్లు పెట్టి కాలుష్య నియంత్రణ మండలికి డేటా పంపాలని 2014లో ఆదేశాలొచ్చాయి. అవి ముఖ్యంగా బయటికి పోయేదాని మీద కన్నేసే మీటర్లు. నువ్వు లోపలికి పోయేదాని మీద మీటరు అడుగు, ఏటి ఒడ్డున జాక్‌వెల్ (పంపులు నీళ్లు తోడే బావి) దగ్గరే. ఆ మీటరు కూడా అబద్ధం చెప్పొచ్చు. ఒకచోట నేను చూశా, మీటరున్న లైను పక్కన మీటరు లేని బైపాస్ లైను, దాని వాల్వు మీద చక్రం నున్నగా మెరుస్తోంది. అరుదుగా తిప్పే వాల్వు అట్లా మెరవదు.

మీటరును నమ్మకుండా లెక్క తేల్చే దారి ఒకటుంది, పంప్‌హౌస్ కరెంటు బిల్లు. ఎత్తు, పైపు రాపిడి కలిపి 60 మీటర్లు ఎక్కించాలనుకో. మామూలు పంపుతో యూనిట్ కరెంటుకు సుమారు 4 కిలోలీటర్లు ఎక్కుతాయి. కోటి లీటర్లకు రోజుకు 2,500 యూనిట్లు చాలు. బిల్లులో 3,500 పడుతుంటే, పంపు అధ్వాన్నంగానైనా ఉండాలి, కోటీ 40 లక్షలైనా తోడుతుండాలి. రెంటిలో ఏదైనా అడగాల్సిందే. పంప్‌హౌస్‌కు విడిగా కరెంటు మీటరు ఉండాలని, నీళ్ల రీడింగుతో పాటు కరెంటు రీడింగూ ఇవ్వాలని షరతు పెట్టమను. డబ్బు ఖర్చు లేని షరతు ఇది.

సోలార్ గురించి కూడా అడిగావు, నీళ్లు అక్కర్లేదు కదా అని. శకునాల, గని వైపు 1,000 మెగావాట్ల పార్కులో 40 లక్షలకు పైగా పలకలున్నాయి. పలకకు రెండు లీటర్లనుకున్నా ఒక్కసారి కడగడానికి 80 లక్షల లీటర్లు. నీళ్లు లేకుండా బ్రష్షులతో తుడిచే రోబోలు వచ్చాయి. బొగ్గుతో పోలిస్తే సోలార్ వాడేది తక్కువే, కానీ సున్నా కాదు.

సభ సంగతికొస్తే, పర్యావరణ అనుమతుల మీద కేంద్రం ఇచ్చిన 2006 నోటిఫికేషన్ ప్రకారం కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. పర్యావరణ ప్రభావం మీద కంపెనీ ఇచ్చే ముసాయిదా రిపోర్టు కలెక్టరేట్లో, జిల్లా పరిషత్తులో, పరిశ్రమల కేంద్రంలో, పంచాయతీలో చూడ్డానికి పెట్టాలి, సారాంశం తెలుగులో ఉండాలి. సారాంశం చదివి ఊరుకోవద్దు. పెద్ద రిపోర్టులో వాటర్ బ్యాలెన్స్ అని ఒక పేజీ బొమ్మ ఉంటుంది, ఏటి నుంచి గీత మొదలై ఒక్కో విభాగానికి చీలుతుంది. లోపలికి వచ్చిన మొత్తం, బయటికి పోయే ఆవిరి, గ్రీన్‌బెల్టు, రిజెక్టు (ఆర్‌ఓ వదిలే ఉప్పునీళ్లు) అన్నీ కూడి చూడు. రెండూ సమానం కావాలి. ఆ బొమ్మ ఒక్క రోజుకే గీస్తారు. వానాకాలానికి ఒకటి, మే నెలకు ఒకటి విడిగా కావాలని అడుగు. ఒక్క మాట, అనుమతి ముందే పొందిన పారిశ్రామికవాడ లోపలికి వచ్చే యూనిట్లకు ఈ సభ నుంచి మినహాయింపు ఉంది. మీది వాడ బయట వస్తోంది కాబట్టి సభ జరుగుతోంది, ఈ అవకాశం మళ్లీ రాదు.

మైకులో అరిచింది గాలికి పోతుంది, రాసి ఇచ్చింది ఫైల్లో ఉంటుంది. రెండు కాపీలు తీసుకుపో, ఒకదాని మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకో. సభ చివర మినిట్స్, అంటే సభలో ఎవరేమన్నారో రాసుకున్నది, తెలుగులో చదివి వినిపించాలి. నీ ప్రశ్న, కంపెనీ చెప్పిన జవాబు రెండూ అందులో పడ్డాయో లేదో అక్కడే అడుగు, ఎందుకంటే అనుమతి ఇచ్చే కమిటీ చదివేది దాన్నే. అనుమతి వచ్చాక కూడా ఏటా రెండుసార్లు, జూన్ 1కి, డిసెంబరు 1కి షరతుల అమలు రిపోర్టు ఇవ్వాలి. అందులో నీళ్ల రీడింగుల పేజీ పంచాయతీకీ ఒక కాపీ రావాలని ఇప్పుడే రాయించు.

వాటర్ బ్యాలెన్స్ పేజీ ఫోటో దొరికితే ఇక్కడ పెట్టు. సైకిల్స్ ఎన్ని వేసుకున్నారో, ఉప్పు ఎక్కడ దాచారో చూసి చెప్తా.